ఎలివేషన్ రెండర్‌కి మూడ్, వెలుగు, రంగు ఎంచుకోవడం ఎలా: మొదటి టెస్ట్ నుంచి ఫైనల్ ఫైల్ దాకా

"మోడల్ బాగానే ఉంది, మెటీరియల్స్ కూడా మంచివే పెట్టాను. అయినా రెండర్ చప్పగా ఉంది. సెట్టింగ్స్ చెప్పండి." ఎలివేషన్ రెండర్లు, అంటే కట్టబోయే ఇంటి ముందు భాగాన్ని 3డీ మోడల్ నుంచి ఫొటోలా తీసే బొమ్మలు, చేసేవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. పంపిన బొమ్మలు తెరిచి చూస్తే జబ్బు సెట్టింగ్స్‌లో ఉండదు. ఆకాశం మిట్టమధ్యాహ్నానిది, ఎండ సాయంత్రానిది, ఇంట్లో లైట్లన్నీ రాత్రివి. మూడు పూటలూ ఒకే బొమ్మలో ఇరుక్కుంటాయి.

అందుకే ఈ వ్యాసంలో సాఫ్ట్‌వేర్ బటన్ల గురించి తక్కువ, నిర్ణయాల వరస గురించి ఎక్కువ ఉంటుంది. వీ-రే, కరోనా, లూమియన్, ఎన్‌స్కేప్, డీ5, బ్లెండర్, మీరు ఏది వాడినా వరస మారదు. ఉదాహరణగా ఒకే ఇంటిని చివరిదాకా పట్టుకుందాం: హైదరాబాద్ శివార్లలో 200 గజాల స్థలం, తూర్పు ఫేసింగ్, జీ ప్లస్ వన్ ఇండిపెండెంట్ ఇల్లు.

## 1. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు అడగాల్సినవి

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. పది నిమిషాల పని, కానీ రెండు రోజుల రివిజన్లు తప్పిస్తుంది.

- బొమ్మ ఎవరు చూస్తారు? ఇంటి ఓనరా, ఫ్లాట్ కొనేవాళ్లా, మేస్త్రీయా?
- ఎక్కడ చూస్తారు? ఫోన్‌లోనా, బ్రోచర్‌లోనా, రోడ్డు పక్క ఫ్లెక్స్ మీదా?
- ఇంటి ముఖం ఏ దిక్కుకి? ఎదురుగా ఏముంది, ఖాళీ ప్లాటా, మూడంతస్తుల బిల్డింగా?
- ఖరారైన రంగులు, రాళ్లు ఏవి? ఇంకా తేలనివి ఏవి?
- బొమ్మలో ముందుగా కన్ను పడాల్సిన చోటు ఏది?

చివరి ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉండాలి. మన ఇంటికి అది మొదటి అంతస్తు బాల్కనీ వెనకున్న తాండూరు రాతి గోడ అనుకుందాం.

ఇప్పుడు మూడ్‌ని ఒక్క వాక్యంలో రాయండి. "లగ్జరీ లుక్", "మోడర్న్ ఫీల్" అని రాయొద్దు, వాటితో సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాలో తేలదు. మనకి వెలుగు గురించి మంచి మాటలే ఉన్నాయి: నీరెండ, ఏటవాలు ఎండ, మబ్బు పట్టిన మధ్యాహ్నం, వాన వెలిసిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. వీటిలో ఏ మాట తీసుకున్నా అందులోనే టైమ్, ఆకాశం, నీడ మూడూ ఉంటాయి. మన వాక్యం ఇది: "చలికాలం ఉదయం, నీరెండ రాతి గోడ మీద పడుతోంది, ఇంట్లోవాళ్లు అప్పుడే తలుపు తీశారు."

## 2. దిక్కు, నెల, టైమ్

ఇక్కడే కొంచెం నిదానించాలి. కొత్తలో నేనూ ఒక తూర్పు ఫేసింగ్ ఇంటికి ముందు గోడంతా నారింజ రంగు సాయంత్రపు ఎండ పులిమి పంపాను. ఓనర్‌కి నచ్చింది. వాళ్ల నాన్నగారు మాత్రం ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "బాబూ, మన ఇంటికి సాయంత్రం ఎండ ముందు నుంచి ఎలా వస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వాస్తు పుణ్యమా అని మన క్లయింట్లకు దిక్కులు మనకంటే బాగా తెలుసు.

సాఫ్ట్‌వేర్‌లో ముందు ఉత్తరం సరిచేయండి. తర్వాత లొకేషన్ పెట్టండి. హైదరాబాద్ అయితే 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. టైమ్ జోన్ 5.30 అని చూసుకోండి. డీఫాల్ట్‌గా వేరే దేశం ఉంటే మొత్తం లెక్క తప్పుతుంది.

తూర్పు ఫేసింగ్: డిసెంబరు మూడో వారంలో ఉదయం ఎనిమిదిన్నరకు సూర్యుడు దాదాపు 22 డిగ్రీల ఎత్తులో, తూర్పు నుంచి 35 డిగ్రీలు ఆగ్నేయం వైపు జరిగి ఉంటాడు. గోడకి వెలుగూ అందుతుంది, ఏటవాలుగా పడటం వల్ల రాతి గరుకుదనమూ తెలుస్తుంది. పదింటికి అదే సూర్యుడు 38 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. ఈ గంటన్నర తేడా చజ్జా (కిటికీ పైన గోడ నుంచి ముందుకొచ్చే పలక) కింద కనిపిస్తుంది: రెండడుగుల చజ్జా నీడ ఎనిమిదిన్నరకు గోడ మీద అడుగు దిగితే, పదింటికి రెండున్నర అడుగుల దాకా దిగి కిటికీ పైభాగాన్ని మింగేస్తుంది.

పడమర ఫేసింగ్: ఇదే లెక్క అద్దంలో చూసినట్టు. డిసెంబరులో సాయంత్రం నాలుగు ప్రాంతంలో సూర్యుడు నైరుతి వైపు అంతే ఎత్తులో ఉంటాడు.

దక్షిణం ఫేసింగ్: చలికాలం మొత్తం మనదే. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ఎత్తు 32 డిగ్రీలు, గోడకి 46 డిగ్రీల పక్క నుంచి ఎండ. ఇంతకంటే సులువైన ముఖం లేదు.

ఉత్తరం ఫేసింగ్: అసలు చిక్కు ఇక్కడే. చలికాలంలో ముందు గోడ మీద ఎండే పడదు. జూన్‌లో సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు కాబట్టి ఉదయం ఎనిమిదింటికి ఎండ గోడని రాసుకుంటూ పోతుంది. రాతి పనితనం చూపడానికి అది బాగుంటుంది, కానీ చిన్న స్విచ్‌బాక్స్ కూడా పొడుగు నీడ వేస్తుంది. అది వద్దనుకుంటే మబ్బు వెలుగో, దీపాలు పెట్టే వేళో తీసుకోండి. లేని ఎండని మాత్రం తెచ్చి పెట్టొద్దు.

ఇక కెమెరా. సూర్యుడున్న మూలలోనే కెమెరా పెడితే రెండు గోడలూ సమానంగా వెలిగి ఇల్లు అట్టపెట్టెలా కనిపిస్తుంది. ఎండ ఆగ్నేయం నుంచి వస్తుంటే కెమెరాని ఈశాన్యం మూలకి జరపండి. తూర్పు గోడ వెలుగులో, ఉత్తరం గోడ నీడలో ఉంటాయి. ఇంటికి మందం, లోతు వచ్చేది ఈ తేడాతోనే.

## 3. రెఫరెన్స్: రెండర్లు కాదు, ఫొటోలు

వేరేవాళ్ల రెండర్లను చూసి రెండర్ చేస్తే వాళ్ల తప్పులు కూడా మీకు అంటుకుంటాయి. మీరు ఎంచుకున్న టైమ్‌కి మీ వీధిలోనే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి: ఎండ పడిన గోడ, నీడలో గోడ, రోడ్డు, ఆకాశం. ఫిల్టర్లు వద్దు. నీడలో ఉన్న తెల్ల గోడ ఎంత నీలంగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

## 4. ముందు బూడిద రంగు మోడల్ మీద వెలుగు

అన్ని మెటీరియల్స్‌నీ ఒకే మామూలు బూడిద రంగుతో కప్పేయండి. గ్లాస్ మాత్రం వదిలేయండి. కెమెరా లాక్ చేయండి. 600 పిక్సెల్స్ వెడల్పుతో, నాయిస్ (బొమ్మ మీద చుక్కచుక్కల గరుకు) ఉన్నా పట్టించుకోకుండా ఆరు టెస్టులు తీయండి: మూడు వేర్వేరు టైమ్‌లు, ఒక మబ్బు ఆకాశం, రెండు సంధ్యవేళలు. ఆరూ ఒకే షీట్‌లో పక్కపక్కన పెట్టండి.

ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూడండి. చూడాల్సినవి:

- వెలుగు, నీడ, మధ్యస్థం అని మూడు ముద్దలుగా బొమ్మ విడిపోతోందా?
- మీరు అనుకున్న చోటుకే, అంటే మన బాల్కనీ గోడకే, కన్ను ముందు వెళ్తోందా?
- నీడ అంచు ఏదైనా కిటికీని సరిగ్గా సగానికి కోస్తోందా? కోస్తే టైమ్ పావుగంట జరపండి.
- ఆకాశం గోడ కంటే మరీ వెలుగుగా ఉందా?

బూడిద రంగులో బాగోని బొమ్మ రంగులు వేశాక బాగుపడటం నేను చూడలేదు. రంగుతో దాన్ని దాచగలం, అంతే.

ఎక్స్‌పోజర్‌కి, అంటే కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్నదానికి, మొదటి అంకెలు (దాన్ని కొలిచే అంకెని ఈవీ అంటాం): ఎండకు ఈవీ 14 నుంచి 15, మబ్బుకు 12, దీపాలు పెట్టే వేళకు 5 నుంచి 7. వీటితో మొదలుపెట్టి అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) అటూ ఇటూ జరపండి. ఆటో ఎక్స్‌పోజర్ తీసేయండి, అది ప్రతి టెస్టునీ ఒకే వెలుగుకి తెచ్చి పోలికని పాడుచేస్తుంది.

## 5. నాలుగు మూడ్‌లు, వాటి లెక్కలు

నీరెండ. సూర్యుడు 15 నుంచి 25 డిగ్రీల ఎత్తు. వీ-రేలో టర్బిడిటీ, అంటే గాలిలో మసక ఎంతో చెప్పే అంకె, డీఫాల్ట్‌గా 2.5 ఉంటుంది. మన ఊళ్ల గాలిలో దుమ్ము ఉంటుంది కాబట్టి 3.5 లేదా 4 పెడితే ఎండకి ఆ లేత పసుపు వస్తుంది. సన్ సైజ్ రెండు మూడుకి పెంచితే నీడ అంచు మెత్తబడుతుంది. పది దాటితే అది ఎండ నీడలా కాకుండా ట్యూబ్‌లైట్ నీడలా ఉంటుంది.

మబ్బు పట్టిన పగలు. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నిజానికి మెటీరియల్స్ ఖరారు చేయించుకోవాలంటే ఇదే మంచిది, ఎందుకంటే రంగుని ఎండ మార్చదు. చప్పగా రాకుండా ఉండాలంటే పూర్తిగా ఒకే బూడిద ఆకాశం కాకుండా ఒక వైపు వెలుగు ఎక్కువున్న హెచ్‌డీఆర్‌ఐ (సీన్‌కి వెలుగు కూడా ఇచ్చే చుట్టూ ఆకాశం ఫొటో) తీసుకుని, ఆ వైపుని కెమెరాకి పక్కగా తిప్పండి. పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో ఇలాంటివి ఉచితంగా దొరుకుతాయి.

వాన వెలిసిన తర్వాత. అందంగా ఉంటుంది, తప్పులు కూడా ఎక్కువే. రోడ్డు ఒక్కటే అద్దంలా మెరిసి, గోడ పొడిగా ఉంటే నమ్మబుద్ధి కాదు. కాంపౌండ్ వాల్ కింద అడుగు ఎత్తు దాకా తడి మరక, గేటు ముందు పల్లంలో మాత్రమే నీళ్లు, మిగతా రోడ్డు కేవలం ముదురు రంగు, ఇలా చేయండి. తడిస్తే గోడ, రోడ్డు, మట్టి లాంటివి ముందు ముదురుతాయి. మెరుపు ఆ తర్వాతి సంగతి.

దీపాలు పెట్టే వేళ. ఫీల్డులో బ్లూ అవర్ అంటాం. పేరులో అవర్ ఉంది కానీ మన దగ్గర గంట ఉండదు. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి అస్తమించాక ఇరవై, ఇరవై రెండు నిమిషాల్లో ఆ వెలుగు అయిపోతుంది. రెండర్‌కి పనికొచ్చేది అస్తమించిన 10 నుంచి 20 నిమిషాల మధ్య. సూర్యుణ్ణి క్షితిజం కింద 3, 4 డిగ్రీల దగ్గర ఉంచండి. మీ సాఫ్ట్‌వేర్‌లో అప్పుడు ఆకాశం నల్లబడిపోతే సంధ్యవేళ హెచ్‌డీఆర్‌ఐ వాడండి.

తూర్పు ఫేసింగ్ ఇంటికి ఈ వేళలో ఒక లాభం ఉంది. కెమెరా పడమర వైపు చూస్తుంది కాబట్టి ఆ మిగిలిన ఎరుపు ఇంటి వెనకే పడి, ఇంటి అంచులు తేటగా కనిపిస్తాయి. ఇందాకటి ఓనర్ నాన్నగారు కూడా దీన్ని తప్పుపట్టలేరు. పడమర ఫేసింగ్ ఇంటికి ఎరుపు కెమెరా వెనక ఉంటుంది, అప్పుడు ఆకాశం నీలంగా, గోడ మెత్తటి గులాబీ వెలుగుతో ఉండాలి. ఆకాశం ఫొటో అతికించేవాళ్లు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే.

## 6. దీపాలు: కెల్విన్ కలగాపులగం చేయొద్దు

పగటి బొమ్మలో ఇంట్లో లైట్లు వేయకండి. వేసినా నిజంగా కనిపించవు. కనిపించేలా చేస్తే అబద్ధం తెలిసిపోతుంది. పోర్టికో లోపల ఒకటి ఉంటే చాలు.

సంధ్య బొమ్మకి (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ దీపం పసుపుగా ఉంటుంది):

- హాలు, బెడ్‌రూమ్‌లు: 3000 కెల్విన్.
- బాల్కనీ సీలింగ్, స్ట్రిప్ లైట్: 3000, హాలుకంటే కొంచెం తక్కువ వెలుగు.
- వంటగది: 4000. ఒక్క కిటికీ తేడాగా ఉంటే ఇల్లు నిజంగా మనుషులున్నట్టు ఉంటుంది.
- వీధి దీపం: ఫ్రేములో ఉంటేనే. లేకపోతే వద్దు.
- కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుగుని తెలుపుగా చూపాలో చెప్పే సెట్టింగ్): 4500 దగ్గర.

వైట్ బ్యాలెన్స్ 6500లో వదిలేస్తే కిటికీలు నారింజ పళ్లలా మండుతాయి. 3000కి తెస్తే లైట్లు తెల్లబడి, బయటంతా నీలిమందు కలిపినట్టవుతుంది. మధ్యలో ఉంచడం వల్ల వెచ్చదనం, చల్లదనం రెండూ నిలుస్తాయి.

లైట్ల వెలుగుకి వీలైతే ల్యూమెన్స్ (బల్బు ఇచ్చే వెలుగు కొలత) వాడండి. మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 800 నుంచి 900 ల్యూమెన్స్ ఇస్తుంది. నిజం అంకెతో మొదలుపెడితే ఆకాశానికీ దీపానికీ పొత్తు దానంతట అదే కుదురుతుంది. కరోనాలో, వీ-రేలో లైట్ మిక్స్ (రెండర్ అయ్యాక ఒక్కో వెలుగుని విడిగా పెంచి తగ్గించే సౌకర్యం) ఉంది కాబట్టి సూర్యుడు, ఆకాశం, లోపలి దీపాలు, బయటి దీపాలు విడివిడిగా పెట్టుకోండి. తర్వాత క్లయింట్ మాట మారిస్తే మళ్లీ రెండర్ చేయనక్కర్లేదు.

## 7. రంగులు ఇప్పుడు, ఇంతకు ముందు కాదు

వెలుగు తేలాక బూడిద కప్పు తీసేయండి. మెటీరియల్స్‌ని ఒక్కొక్కటిగా, పెద్ద వైశాల్యం నుంచి చిన్నదానికి వరసగా తిరిగి పెట్టండి: గోడ, రోడ్డు, ఆకాశం, చెట్లు, రాయి, చెక్క, రెయిలింగ్.

రంగు పెట్టెలో అంకెలు సున్నా (నలుపు) నుంచి 255 (తెలుపు) దాకా ఉంటాయి. తెల్ల గోడకి 255 ఎప్పుడూ వద్దు. నిజమైన తెల్ల పెయింట్ మీద పడిన వెలుగులో దాదాపు 80 శాతమే తిరిగొస్తుంది, అంటే రంగు పెట్టెలో 230 దగ్గర. నల్ల గ్రానైట్‌కి సున్నా కూడా వద్దు, 40 నుంచి 50. ఈ రెండు అంకెలు సరిచేస్తేనే సగం బొమ్మలు తేటపడతాయి.

పెయింట్ కంపెనీ షేడ్ కార్డ్ నుంచి రంగు తెచ్చినప్పుడు అది ఎండలో ఒక మెట్టు లేతగా, పసుపుగా కనిపిస్తుంది. దాన్ని షేడ్ కార్డ్‌తో సరిపోల్చాలని మెటీరియల్‌ని ముదురు చేయకండి. నిజం ఇంటి మీద కూడా అంతే జరుగుతుంది. ఓనర్‌కి అనుమానం ఉంటే మబ్బు వెలుగులో అదే కెమెరాతో ఒక చిన్న బొమ్మ జతచేయండి.

పచ్చదనం గురించి ఒక మాట. లైబ్రరీ గడ్డి, చెట్లు దాదాపు ఎప్పుడూ మరీ చిలకపచ్చగా ఉంటాయి. సాచురేషన్ (రంగు గాఢత) పాతిక శాతం తగ్గించి, రంగుని కాస్త పసుపు వైపు జరపండి. వేప, కానుగ, బాదం, దేవగన్నేరు, కాంపౌండ్ వాల్ మీద కాగితం పూలు చాలు. మేపుల్, పైన్ చెట్లు పెడితే ఇల్లు వేరే దేశానికి వెళ్లిపోతుంది. నెల కూడా చూసుకోండి: ఎర్రటి తురాయి పూలు ఎండాకాలంవి, మన డిసెంబరు బొమ్మలో అవి విరగబూస్తే కుదరదు.

గ్లాస్ చచ్చుగా ఉంటే లోపం గ్లాస్‌లో ఉండదు, కెమెరా వెనక ఉంటుంది. అక్కడ ఖాళీ ఉంటే గ్లాస్ ఖాళీనే చూపిస్తుంది. ఎదురింటి గోడ, రెండు చెట్లు, కరెంట్ స్తంభం కెమెరా వెనక పెట్టండి.

బొమ్మ మొత్తంలో గట్టిగా కనిపించే రంగు ఒక్కటే ఉండాలి. మన ఇంటికి అది టేకు తలుపు. అందుకని గేటు ముందు ఎర్ర కారు పెట్టకండి, బూడిద రంగు స్కూటర్ పెట్టండి. గడప ముందు ముగ్గు వేస్తే ఉదయం అని చెప్పకుండానే తెలుస్తుంది.

## 8. పోస్ట్ ప్రొడక్షన్: ఈ వరసలోనే

1. ఫైల్‌ని 16 బిట్ లేదా 32 బిట్‌లో సేవ్ చేయండి. జేపెగ్ చివర్లోనే.
2. ముందు హైలైట్స్ (మరీ వెలుగుగా ఉన్న చోట్లు) అదుపు, తర్వాత వైట్ బ్యాలెన్స్, తర్వాత కాంట్రాస్ట్.
3. రంగు సవరణ ఆ తర్వాత. నీడలకు కొంచెం నీలం, వెలుగుకి కొంచెం పసుపు.
4. గ్లో దీపాల చుట్టూ మాత్రమే. గోడలు కూడా పొగలు కక్కుతుంటే సగానికి తగ్గించండి.
5. షార్పెన్ అన్నిటికంటే చివర.

బ్లెండర్ వాడేవాళ్లకి: 4.0 నుంచి ఏజీఎక్స్ (రెండర్ వెలుగుని స్క్రీన్ రంగులుగా మార్చే పద్ధతి) డీఫాల్ట్‌గా వస్తోంది, దాన్ని స్టాండర్డ్‌కి మార్చకండి. ఎండ పడ్డ పసుపు, నారింజ గోడలు కాలిపోయినట్టు రావడం చాలావరకు స్టాండర్డ్ వల్లే.

## 9. తరచూ వచ్చే తప్పులు, మందులు

ఇల్లు గాల్లో తేలుతోంది. గోడ నేలని తాకే చోట నీడ లేదు. గడ్డిని గోడ దాకా తెండి, అంచున మట్టి, చిన్న మొక్కలు పెట్టండి.

ఆకాశం అందంగా ఉంది, ఇల్లు దానికి చెందినట్టు లేదు. ఆకాశం ఫొటోలో సూర్యుడు ఏ వైపు ఉన్నాడో మబ్బుల అంచులు చెబుతాయి. మీ నీడలు అటు నుంచే రావాలి. లేదంటే ఫొటోని అడ్డంగా తిప్పి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

అంతా ఒకే పసుపు. ఎండ, దీపం, చెక్క, గోడ అన్నీ వెచ్చగా ఉంటే ఏదీ వెచ్చగా అనిపించదు. నీడలకి చల్లదనం ఇవ్వండి.

నీడలు నల్లగా గుడ్డిగా ఉన్నాయి. ఎక్స్‌పోజర్ పెంచకండి. ఆకాశం వెలుగు పెంచండి, లేదా ముందున్న రోడ్డు మరీ నల్లగా ఉందేమో చూడండి. లేత రంగు నేల ఎండని పైకి కొట్టి చజ్జా కింద నింపుతుంది.

## 10. పంపే ముందు

- ఫోన్‌లో, బయట ఎండలో చూశారా? క్లయింట్ అక్కడే చూస్తారు.
- వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుతున్నారా?
- ఫ్లెక్స్‌కి వెళ్తుంటే ఏ4 మీద ఒక ప్రింట్ తీశారా? స్క్రీన్ మీది గట్టి నీలం, చిలకపచ్చ ప్రింట్‌లో చచ్చిపోతాయి.
- నలుపు తెలుపులోకి మార్చి చూస్తే కన్ను ఇంకా బాల్కనీ గోడకే వెళ్తోందా?
- బిల్డర్ బ్రోచర్ అయితే ప్లాన్‌లో లేని పార్కు, చెరువు, స్విమ్మింగ్ పూల్ బొమ్మలోకి రాలేదు కదా? 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో తప్పుడు సమాచారాన్ని నమ్మి కొన్నవాళ్లు నష్టపోతే ప్రమోటర్ పరిహారం చెల్లించాలి. ఆకాశం మీ ఇష్టం, ఆస్తి మీ ఇష్టం కాదు.

పంపాక నూటికి నూరుపాళ్లు వచ్చే మాట ఒకటుంది: "ఇంకాస్త బ్రైట్‌గా కావాలండీ." టెన్షన్ పడి మొత్తం ఎక్స్‌పోజర్ పెంచేస్తే ఇంతసేపూ కట్టినదంతా తెల్లబోతుంది. "ఎక్కడ చీకటిగా అనిపించింది?" అని అడగండి. చాలాసార్లు పోర్టికో లోపలో, మెయిన్ డోర్ దగ్గరో అంటారు. లైట్ మిక్స్‌లో ఆకాశాన్ని అర స్టాప్, పోర్టికో దీపాన్ని ఒక స్టాప్ పెంచి, సూర్యుణ్ణి ముట్టుకోకుండా మళ్లీ పంపండి. పాత బొమ్మ కూడా పక్కనే పెట్టి పంపండి, తేడా ఎక్కడుందో వాళ్లకీ కనిపిస్తుంది.